తెలిసినవారు – తెలియనివారు

1957లో విజయా సంస్థ నిర్మించగా, కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన ‘మాయాబజార్’లో బలరామ పాత్రను గుమ్మడి వేంకటేశ్వరరావు పోషించారు. తెనాలి ప్రాంతంలోని రావికంపాడులో జన్మించిన గుమ్మడి కొల్లూరు ఉన్నత పాఠశాలలో చదువుకున్నారు.

ఈ కథలో ఘటోత్కచుడు శశిరేఖను తన ఆశ్రమానికి చేర్చి, తానే ఆమె రూపంలో ద్వారకలో మెలగుతాడు. తన ఇంట తిరుగుతున్నది రాక్షసుడని బలరామునికి లోలోపల తెలుసునా?

శ్రీకృష్ణునికి అంతా తెలుసు. లక్ష్మణకుమారునికి పెండ్లిపీటలపై భయంకర రూపం కనిపిస్తుంది; అతని మాట ఎవరూ నమ్మరు. బలరామునికి మాత్రం తెలియదు. తెలిసి ఉంటే, మగపెండ్లివారికి ఆయన చేసిన మర్యాదలన్నీ కపటమయ్యేవి. ఆయన ముక్కోపి, కాని కపటి కాడు.

అయితే ఇందుకు మాయ ఒక్కటే కారణం కాదు. చెల్లెలు సుభద్రకిచ్చిన మాట తప్పి, కుమార్తె మనసు తెలుసుకోకుండానే ఆయన పెండ్లి నిశ్చయించాడు. అందుకే మాయాశశిరేఖగా సావిత్రి నడకలో ఘటోత్కచుని ఠీవి తొంగిచూసినా తండ్రికి అనుమానం కలుగలేదు. అసలు కుమార్తె మనసునే ఎరుగని తండ్రి మారురూపాన్ని ఎట్లా గుర్తించగలడు? హాస్యం వెనుక విద్యార్థులు గ్రహించవలసిన అంశమిది.