మైదానములోనికి వచ్చిన రెండవ బంతి



నా బాల్యమున బాగాన్ దాతో ప్రాంతపు మా కొబ్బరితోటలో సాయంకాలము ఫుట్‌బాల్ ఆడుచుండగా ఆవులు మైదానములోనికి వచ్చుట మామూలే. ఒకనాడు గోలుకు దూరముగా పోవుచున్న బంతి ఆవు కాలికి తగిలి, దారి మళ్ళి గోలులో పడెను. "గోలే!" అని ఒక జట్టు, "కాదు" అని మరియొక జట్టు. మాకు రిఫరీ లేడు. చీకటి పడువరకు తగవులాడి ఇండ్లకు పోతిమి. దీనికొక నియమము ఉన్నదని ఉపాధ్యాయ శిక్షణ పొందునప్పుడు గాని నాకు తెలియలేదు.

ఆటకు సంబంధము లేని మనిషి గాని, జంతువు గాని, వస్తువు గాని ఆటకు అడ్డువచ్చుటను బయటి జోక్యము అందురు. కుక్క మైదానములోనికి వచ్చినంతమాత్రమున రిఫరీ ఈల ఊదనక్కరలేదు. అది ఎవరికిని అడ్డురాక ఒక మూల తిరుగుచున్నచో ఆట సాగవచ్చును. ఆటను చెరచినప్పుడే నిలుపవలెను. ప్రేక్షకుడెవడో ఈల ఊదగా, ఆట ఆగినదనుకొని ఆటగాడు బంతిని చేతితో పట్టుకొన్నను అంతే. వానిది తప్పు కాదు.

ఇట్లు నిలిపిన పిమ్మట ఎవరికిని ఫ్రీ కిక్ లేదు. రిఫరీ బంతిని చేతినుండి జారవిడుచును. దీనిని డ్రాప్ బాల్ అందురు. పూర్వము రెండు జట్లవారును ఆ బంతికై పోటీపడెడివారు. 2019 నుండి ఒక జట్టువానికే విడుచుచున్నారు. తక్కినవారందరు కనీసము 4 మీటర్ల దూరమున నిలువవలెను.

ఇప్పుడు ఇంగ్లండులో జరిగిన ఒక సంగతి వినుడు. 2009 అక్టోబరు 17న సండర్‌లాండ్, లివర్‌పూల్ జట్లు ఆడుచుండెను. సముద్రతీరమున పిల్లలు ఆడుకొను గాలిబంతి ఒకటి, ఎఱ్ఱనిది, లివర్‌పూల్ అభిమానులున్న వైపునుండి వచ్చి గోలు ముందర పడియుండెను. ఆట మొదలైన 5వ నిమిషమున సండర్‌లాండ్ ఆటగాడు డారెన్ బెంట్ తన్నిన బంతి దానికి తగిలి, దారి మళ్ళి, గోల్‌కీపరు పేపే రేనాను దాటి గోలులోనికి పోయెను. నియమము ప్రకారము ఆట నిలిపి డ్రాప్ బాల్ ఇయ్యవలెను. రిఫరీ గోలు ఇచ్చెను! మరి గోలు పడలేదు. సండర్‌లాండ్ 1–0తో గెలిచెను. ఆట తిరిగి ఆరంభమైన పిమ్మట రిఫరీ తన తీర్పును మార్చరాదు గనుక ఆ ఫలితము అట్లే నిలిచెను. మరుసటి వారము ఆ రిఫరీకి క్రింది శ్రేణి పోటీ అప్పగించిరి.

"వారి అభిమానులు విసరినదే గదా, అనుభవింపనిండు" అని మీలో కొందరు నవ్వవచ్చును. నేను ఒప్పుకొనను. ప్రేక్షకుడు చేసిన పనికి రేనా ఏల శిక్ష పొందవలెను? నియమము కూడ, అభిమాని ఎవరివాడు అని అడుగదు. ఆట చెడినదా అని మాత్రమే అడుగును.

ఒక మినహాయింపు ఉన్నది. బంతి నేరుగా గోలులోనికే పోవుచుండగా బయటి వస్తువు తగిలినను, అది రక్షించువారిని అడ్డగింపక, బంతి గోలులో పడినచో గోలు ఇత్తురు. ఆ వస్తువు దాడిచేయు జట్టువారి వలన వచ్చినదైనచో ఇయ్యరు.

మా ఆవు సంగతి ఈ మినహాయింపులోనికి రాదు. ఆ బంతి గోలు వైపునకు పోవుటలేదు. గనుక అది గోలు కాదు. ఆనాడు "గోలే!" అని గొంతు చించుకొని అరచినవారిలో నేనును ఒకడను.