పిల్లి ట్రే వదిలి పరుపు మీద పోస్తోంది

ప్రశ్న: మాది చింతామణి. మూడేళ్ల మగపిల్లి. నెలరోజులుగా ట్రే వదిలేసి పరుపు మీద, పట్టుగూళ్ల సంచుల మీద మూత్రం పోస్తోంది. కొట్టినా మానలేదు. ఏం చెయ్యాలి?

జవాబు: ముందు కొట్టడం మానండి. పిల్లి పగబట్టి పోయదు. దెబ్బలకు భయపడితే మీ కంటపడని మూల వెతుక్కుంటుంది, అంతే.

ఈరోజే ఒకటి గమనించండి. పదేపదే వంగి ముక్కుతోందా? చుక్కలు చుక్కలుగా వస్తోందా? మూత్రంలో ఎర్రదనం ఉందా? మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నం. అది మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. చుక్క కూడా రాకపోతే తెల్లారేదాకా ఆగకండి. దగ్గర్లోని పశువైద్యుడికి ఫోన్ చేసి వెంటనే తీసుకెళ్లండి. అక్కడ గొట్టం వేసే వసతి లేకపోతే బెంగళూరు హెబ్బాళలో పశువైద్య కళాశాల ఉంది. నొప్పికని పారాసెటమాల్ మాత్రం వెయ్యొద్దు, పిల్లికి అది విషం.

జబ్బేమీ లేదని తేలాక తీరు చూడండి. నిలబడి, తోకెత్తి వణికిస్తూ గోడకు చిమ్మితే అది హద్దు గుర్తు పెట్టుకోవడం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే చాలావాటిలో తగ్గుతుంది. కూర్చుని పోస్తుంటే పేచీ ట్రేతోనే కావచ్చు. పిల్లి ఒళ్లు పొడవుకు ఒకటిన్నర రెట్లున్న ట్రే, సెంటు వాసన లేని మెత్తటి ఇసుక పెట్టండి. గడ్డలు రోజూ ఎత్తెయ్యండి. ఒక్క పిల్లే అయినా రెండు ట్రేలుంటే మంచిది, తిండిగిన్నెకు దూరంగా.

తడిసిన చోట ఫినాయిల్ వాడకండి, అదీ పిల్లికి హానే. ఎంజైమ్ క్లీనర్‌తో కడగండి. వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వస్తుంది కాబట్టి ఆ సంచులను ఉతికి ఎండబెట్టేదాకా గదికి తలుపేసి ఉంచండి.