లేత్ యంత్రానికి కవచం ఎందుకు?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో ఇందా ఒక పేట. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగువారు స్థిరపడిన ఈ రైల్వే పట్టణానికి లేత్ యంత్రం కొత్త కాదు. పనివారు ఎంత జాగ్రత్తగా ఉన్నా దానికి కవచం ఎందుకు తప్పనిసరో ఒక చిన్న లెక్క చెబుతుంది.

200 మి.మీ. వ్యాసం గల చక్ నిమిషానికి 1000 చుట్లు తిరుగుతోందనుకుందాం. చొక్కా అంచు అందులో చిక్కిందని గ్రహించి మనం కదలడానికి సుమారు 0.2 సెకను పడుతుంది. ఆలోగా చక్ మూడు చుట్లకు పైగా తిరుగుతుంది. రెండు మీటర్ల గుడ్డను చుట్టుకోగలదు. అంటే గుడ్డతోపాటు చెయ్యి కూడా లోపలికి పోతుంది. చేతి తొడుగులూ ఇలాగే చిక్కుకుంటాయి కనుక తిరుగుతున్న లేత్ దగ్గర వాటిని వాడకూడదు.

అందుకే చక్‌పై మూత ఉండాలి. మూత తెరవగానే మోటారు ఆగాలి. లీడ్ స్క్రూకు తొడుగు, ఎగిరే లోహపు చిప్స్‌కు అడ్డంగా పారదర్శక తెర, చక్‌లోనే మరచిపోవడానికి వీల్లేని స్ప్రింగు కీ కూడా అవసరం.

సులభంగా మరచిపోయేది హెడ్‌స్టాక్ వెనుక పొడుచుకువచ్చిన కడ్డీని. ఆధారం లేని పొడవాటి కడ్డీ వేగం పెరిగితే ఒక్కసారిగా వంగి కొరడాలా కొడుతుంది. 2025 వరకు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ దీన్ని ప్రత్యేకంగా పేర్కొంది: కడ్డీకి గట్టి కంచె ఉండాలి, యంత్రం నడుస్తున్నంతసేపూ దాన్ని తీయకూడదు.

కళ్లద్దాలు, బిగుతు దుస్తులు ఈ కవచాలకు తోడే గాని, బదులు కావు.