నోడ్ జేఎస్‌తో వెబ్ రిక్వెస్టులు: జవాబు రాకపోవడం వేరు, లేదనడం వేరు



కంప్యూటర్ చదువు మీద ఏదైనా రాయమని సంచిక కమిటీ వాళ్లు అడిగారు. ఎంసీఏ చదువుతున్నానని పెద్ద పెద్ద విషయాలు రాస్తాననుకోవద్దు. ఒక చిన్న పని గురించే రాస్తాను. సర్వర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ ప్రోగ్రాం మరో వెబ్‌సైట్‌ను ప్రశ్న అడిగి జవాబు తెచ్చుకోవడం ఎలా అన్నదే ఆ విషయం. దీన్నే వెబ్ రిక్వెస్ట్ అంటారు. ఇందులో నేను చేసిన తప్పు వల్ల మన తమ్ముడొకడు ట్రంకు పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్లిపోయాడు. అది కూడా చెబుతాను. కోడు లైన్లు మాత్రం ఇక్కడ వేయడం లేదు, అచ్చులో తారుమారైతే చదివేవాళ్లకే కష్టం.

జావాస్క్రిప్ట్‌ను 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ తయారుచేశారు. బ్రౌజర్‌లో పేజీలకు కదలిక తేవడమే అప్పుడు దాని పని. 2009లో ర్యాన్ డాల్ అనే ఆయన క్రోమ్ బ్రౌజర్‌లోని వీ8 ఇంజిన్‌ను తీసుకుని, బ్రౌజర్ లేకుండానే జావాస్క్రిప్ట్ నడిచేటట్టు నోడ్ జేఎస్‌ను తెచ్చారు. మొదట్లో అందులో వెబ్ రిక్వెస్ట్ చేయాలంటే హెచ్‌టీటీపీ మాడ్యూల్‌తో చాలా లైన్లు రాయాల్సి వచ్చేది. అందుకని ఎక్కువమంది ‘రిక్వెస్ట్’ అనే ప్యాకేజీని వాడేవారు. 2020లో దాన్ని ఇక వాడవద్దని దాన్ని నడిపేవాళ్లే ప్రకటించారు. పాత పుస్తకాల్లో అది కనిపిస్తే పక్కన పెట్టండి. 2022లో వచ్చిన నోడ్ 18 నుంచి ‘ఫెచ్’ అనే ఫంక్షన్ అందులోనే ఉంటోంది. వేరే ప్యాకేజీ అక్కరలేదు.

బ్రౌజర్‌లో కూడా ఫెచ్ ఉంది కదా, సర్వర్ ఎందుకు అని మీకు అనుమానం రావచ్చు. ఒక సైట్ పేజీలోని జావాస్క్రిప్ట్ ఇంకో సైట్ జవాబును చదవబోతే, ఆ రెండో సైట్ అనుమతి ఇస్తే తప్ప బ్రౌజర్ చదవనివ్వదు. సర్వర్‌లోని ప్రోగ్రాంకు ఆ అడ్డు లేదు. పైగా రహస్యంగా ఉంచాల్సిన కీ ఏదైనా ఉంటే అది సర్వర్‌లోనే ఉండిపోతుంది.

ఇక ఫెచ్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. మన వంటాయన బియ్యానికి ఎసరు పెట్టి, అది మరిగేదాకా పొయ్యి ముందు నిలబడడు. ఈలోపు కూరగాయలు తరుగుతాడు. నోడ్ కూడా అంతే. రిక్వెస్ట్ పంపి, జవాబు వచ్చేలోపు వేరే పని చూసుకుంటుంది. జవాబు వచ్చాకే తర్వాతి లైనుకు వెళ్లాలి అనుకున్నచోట ‘అవెయిట్’ అని రాస్తాం. ఇది రెండుసార్లు రాయాలి. మొదట వచ్చేది స్టేటస్ నంబరు, హెడర్లు మాత్రమే. అసలు సమాచారాన్ని చదవడానికి ఇంకో అవెయిట్ కావాలి. కొత్తవాళ్లందరూ మొదట తప్పేది ఇక్కడే, నేనూ తప్పాను.

అయితే నేను దెబ్బతిన్నది ఇంకోచోట. బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం ఒక తమ్ముణ్ణి ఆఫీసుకు పంపామనుకోండి. సర్టిఫికెట్‌తో తిరిగి రావచ్చు, అది 200. ఆ పేరుతో రికార్డే లేదన్నారని రావచ్చు, అది 404. ఈరోజు కుదరదు, తర్వాత రమ్మన్నారని రావచ్చు, అది 503. దారిలో బస్సు ఆగిపోయి అసలు తిరిగి రాకపోవచ్చు. ఫెచ్ దృష్టిలో చివరిది ఒక్కటే వైఫల్యం. మనిషి తిరిగొచ్చాడా లేదా అనే చూస్తుంది కానీ, చేతిలో ఏం తెచ్చాడో చూడదు. 404 వచ్చినా, 503 వచ్చినా ‘క్యాచ్’ భాగంలోకి వెళ్లదు, పని అయినట్టే ముందుకు పోతుంది.

పోయిన ఏడాది స్కాలర్‌షిప్ దరఖాస్తుల స్థితి చూడ్డానికి తమ్ముళ్లు రోజూ నెట్ సెంటర్‌కు డబ్బులు పెడుతుంటే, నేనొక ప్రోగ్రాం రాశాను. 31 మంది తమ నంబర్లు ఇచ్చారు. రాత్రి 9 గంటలకు అది ఒక్కో నంబరు అడిగి, వచ్చిన పేజీలో ‘మంజూరు’ అన్న మాట ఉంటే మంజూరు అని, లేకపోతే మంజూరు కాలేదని జాబితా తయారుచేసేది. దాన్ని నోటీసు బోర్డుకు అంటించేవాణ్ణి. ఒక రాత్రి సైట్ మీద ఒత్తిడి ఎక్కువై ఏడుగురికి 503 వచ్చింది. 31 రిక్వెస్టులూ ఒకేసారి పంపి ఆ ఒత్తిడికి నేనూ తోడయ్యాను. ఆ తప్పు పేజీలో ‘మంజూరు’ అన్న మాట ఎందుకుంటుంది? ఏడుగురి పేర్ల ఎదురుగా మంజూరు కాలేదని పడింది.

మరునాడు తెల్లవారుజామున మొదటి బస్సుకే డిగ్రీ ఫస్టియర్ తమ్ముడు వెళ్లిపోయాడు. ఎవరినీ అడగలేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, అందుకే వాడెందుకు అడగలేదో నాకు తెలుసు. కంప్యూటర్‌లో వచ్చింది అంటే మా అమ్మానాన్నలకు అదే ఖాయం, ఎదురు ప్రశ్న వేయడం ఉండదు. మధ్యాహ్నం సైట్ తెరిచి చూస్తే వాడికి మంజూరైంది. ఫోన్ కలవక నేనే వాళ్ల ఊరు వెళ్లాను. అప్పటికే వాళ్ల నాన్న కూలి పనికి మేస్త్రీతో మాట్లాడేశాడు. ‘‘అన్నా, బోర్డు మీద నువ్వే కదా అంటించావు’’ అన్నాడు వాడు. తిరిగొచ్చాడు గానీ ఒక ఇంటర్నల్ పరీక్ష పోయింది.

ఆ వారమే ప్రోగ్రాం మార్చాను. ఫెచ్ అవగానే ‘రెస్పాన్స్ డాట్ ఓకే’ చూస్తున్నాను. స్టేటస్ 200 నుంచి 299 లోపు ఉంటేనే అది నిజమవుతుంది. 200 వచ్చినా చాలదు, పేజీలో ఆ విద్యార్థి నంబరు ఉందో లేదో కూడా చూడాలి. ఎదురుచూడటానికి గడువు పెట్టాను. మనం చెప్పకపోతే, కనెక్షన్ కుదిరాక జవాబు మొదలవడానికే నోడ్ 5 నిమిషాల దాకా ఆగుతుంది. ‘అబార్ట్‌సిగ్నల్ డాట్ టైమౌట్’కు 10000 ఇస్తే 10 సెకన్లకు వదిలేస్తుంది, లెక్క మిల్లీసెకన్లలో ఉంటుంది. 31 ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో 2 సెకన్ల విరామంతో పంపుతున్నాను. 503 గాని, మరీ ఎక్కువ అడుగుతున్నావనే 429 గాని వస్తే కాసేపు ఆగి మళ్లీ అడుగుతుంది. ‘రిట్రై ఆఫ్టర్’ అనే హెడర్‌లో ఎంతసేపు ఆగాలో సైట్ చెబితే అంతసేపు ఆగుతుంది. మూడుసార్లకూ కుదరకపోతే వదిలేస్తుంది. మళ్లీ అడగడం సమాచారం తెచ్చుకునే ‘గెట్’ రిక్వెస్టులకే సరి. ఫీజు కట్టడం లాంటి ‘పోస్ట్’ పనుల్లో, జవాబు రాలేదని మళ్లీ పంపితే రెండుసార్లు కట్టినట్టు కావచ్చు.

బోర్డు మీది జాబితాలో ఇప్పుడు మూడు గడులున్నాయి: మంజూరు, మంజూరు కాలేదు, తెలియలేదు. సైట్ స్వయంగా కాదని రాస్తే తప్ప రెండో గడిలో పేరు పడదు.

నేర్చుకునే తమ్ముళ్లు ఒక పని చేసి చూడండి. ఫెచ్‌తో ఏదైనా పేజీని తెచ్చే నాలుగు లైన్లు ట్రై, క్యాచ్‌లతో రాసి, ల్యాన్ కేబుల్ పీకి నడపండి. క్యాచ్‌లోకి వెళ్తుంది. తర్వాత కేబుల్ పెట్టి, అదే సైట్‌లో లేని పేజీ చిరునామా ఇచ్చి నడపండి. ఈసారి క్యాచ్‌లోకి వెళ్లదు, స్టేటస్ అచ్చు వేయించి చూస్తే 404 కనిపిస్తుంది.