పండుగ నెలలలో మితాహారము - ప్రసాదమును వదలకుండ బరువు తగ్గుట ఎట్లు?

భాద్రపద శుద్ధ చవితి నాటి ఉండ్రాళ్ళతో మొదలై శరన్నవరాత్రులు, దీపావళి, కార్తిక వనభోజనములు, ధనుర్మాసపు పొంగలి మీదుగా సంక్రాంతి అరిసెల వరకు నాలుగు నెలలకు పైగా మన ఇళ్ళలో పొయ్యి మీద నుండి మూకుడు దిగదు. బరువు తగ్గుటకు పూనుకొన్నవారికి సంవత్సరములో కష్టమైన భాగమిదే. నేను వృత్తిరీత్యా వైద్యుడను. ఉచిత వైద్య శిబిరములలో ఈ మాసములందు నన్ను ఎక్కువగా అడుగునది మందులను గురించి కాదు. మధుమేహముతోను, మోకాళ్ళ నొప్పులతోను బాధపడుచు, ఆషాఢము నుండి శ్రద్ధగా ఆరు కిలోల బరువు తగ్గించుకొన్న ఒక గృహిణి నవరాత్రులలో నన్నిట్లు అడిగినారు: "డాక్టరు గారూ, అమ్మవారి ప్రసాదం వద్దంటే అపచారం కదా! తింటే మీరు ఒప్పుకోరు. నన్నేం చేయమంటారు?"

ఆమె సందేహము న్యాయమైనది. అయితే అందులో రెండు వేరువేరు విషయములు కలిసిపోయినవి. ప్రసాదము వేరు, భోజనము వేరు. తీర్థమును ఉద్ధరిణెతో ఇచ్చెదరు, చెంబుతో కాదు. రథసప్తమి నాడు పిడకల మీద వండిన పరమాన్నమును చిక్కుడాకులలో ఉంచి సూర్యునకు నివేదింతుము. ఒక్కొక్క ఆకులో పట్టునది రెండు మూడు చెంచాలే. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన తిరుపతి లడ్డూను ఇంటికి తెచ్చినవారు చిదిపి ఇరుగుపొరుగులకు పంచుట మన ఆచారము. కన్నులకద్దుకొని నోట వేసుకొన్న చిటికెడు ప్రసాదముతో బరువు పెరిగినవారిని నేను చూడలేదు. పెరుగునది ఆ తరువాత "ప్రసాదమే కదా" అని మరల మరల నింపుకొన్న దొన్నెలతోను, ఇంటికి వచ్చి వడ్డించుకొన్న పులిహోరతోను. కనుక ప్రసాదమును ఎవరును వద్దనవలసిన పని లేదు. రెండవ దొన్నెను మాత్రము వద్దనవచ్చును.

ఇక లెక్కకు వత్తము. ఒక గ్రాము పిండిపదార్థము గాని చక్కెర గాని సుమారు 4 కిలోకేలరీల శక్తినిచ్చును. నేయి, నూనె 9 నిచ్చును. అనగా 5 గ్రాముల చెంచాడు చక్కెరకు 20 అయినచో, అంతే బరువు గల నేతికి 45. బెల్లము ఆరోగ్యకరమని ఎక్కువగా వాడువారు చాలమంది గలరు. శక్తి విషయములో బెల్లమునకును చక్కెరకును చెప్పుకోదగిన భేదము లేదు, మధుమేహ రోగికి అసలే లేదు. ఈ లెక్కను మన వంటలకు వర్తింపజేసిన యెడల పెద్దల వంటకములలో అన్నియు ఒకటి కావని తెలియును. ఆవిరిపై ఉడికిన కుడుములకును, బెల్లపు పాకములో కలిపి మూకుట్లో వేయించిన అరిసెకును ముడిసరుకు బియ్యపు పిండియే, కాని అరిసె మోసికొని వచ్చు కొవ్వు కుడుమునకు లేదు. జంతికలు, సకినాలు తీపి కావు గనుక నిరపాయములని భావించుటయు సరి కాదు. అవి డబ్బాలో నిలువయుండుటయే అసలు చిక్కు. పండుగ ఒక్క రోజు, డబ్బా మూడు వారములు!

పండుగలలో పెరిగిన బరువు తరువాత దానంతటదే తగ్గునని ఒక నమ్మకమున్నది. అమెరికాలో 195 మంది పెద్దలపై జరిపిన ఒక పరిశీలన 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో వెలువడినది. నవంబరు నడుమ నుండి జనవరి నడుమ వరకు వారి పెరుగుదల సగటున 0.37 కిలోలు మాత్రమే. వినుటకు స్వల్పమే. అయితే ఆ తరువాతి నెలలలో అది తగ్గలేదు. వారి పండుగలు వేరు, వంటలు వేరు. శరీర ధర్మము మాత్రము అందరికి ఒకటే. ఇట్లు ఏటేట కొంచెము చేరుచు పోయినచో ఇరువది ఏండ్లకు ఎంత అగునో పాఠకులే గుణించుకొనవచ్చును. మన దేశములో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహమున్నదని భారత వైద్య పరిశోధన మండలి పక్షాన జరిగిన అధ్యయనము 2023లో వెల్లడించినది.

కొందరు దీనికి విరుగుడుగా ఉపవాసములను ఆశ్రయింతురు. ఉపవాసమనగా భగవంతుని సమీపమున వసించుట. అది బరువు తగ్గు ఉపాయముగా ఏర్పడినది కాదు. పైగా ఏకాదశి నాడు అన్నము మాని, వేయించిన సగ్గుబియ్యపు వడలు, బంగాళాదుంప వేపుళ్ళు ఫలహారమని తినువారిని చూచుచున్నాము. సగ్గుబియ్యము కర్రపెండలము నుండి తీసిన పిండిపదార్థము, అంతకు మించి దానిలో ఏమియు లేదు. కార్తికములో నక్తములుండి, చుక్కను చూచిన పిమ్మట రెండు పూటల భోజనము ఒక్కసారిగా చేయుటయు అంతే. భగవద్గీత ఆరవ అధ్యాయములో అతిగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము సిద్ధింపదని స్వామి చెప్పియున్నాడు. రెండవ మాటను మనము తరచు మరచెదము.

ఇచట నేను గట్టిగా చెప్పవలసినది ఒకటున్నది. ఇన్సులిన్ గాని, చక్కెరను తగ్గించు మాత్రలు గాని వాడుచున్నవారు తమ వైద్యుని సంప్రదింపక ఉపవాసముండరాదు. మందు వేసికొని ఆహారము మానినచో రక్తములో చక్కెర 70 మిల్లీగ్రాములకు దిగువకు పడిపోవచ్చును. చెమట, వణుకు, గుండెదడ, అయోమయము దాని లక్షణములు. వెంటనే మూడు చెంచాల చక్కెరను నీటిలో కలిపి త్రాగవలెను. పూజ పూర్తి కాలేదని ఆగరాదు. మాట్లాడలేక, మ్రింగలేక యున్నవారి నోట ఏమియు పోయక ఆసుపత్రికి చేర్చవలెను. వృద్ధులకు, రోగులకు, గర్భిణులకు కఠిన నియమముల నుండి సడలింపు మన సంప్రదాయములోనే ఉన్నది.

బంధువుల ఇండ్లలో "ఇంకొక్కటి" అను మర్యాదను దాటుట మరింత కష్టము. విస్తరిలో వదలిపెట్టుట అన్నమునకు అవమానము కనుక వడ్డన రాకముందే చేయి అడ్డము పెట్టవలెను. వడ్డించువారు పెద్దవారైనచో "పిన్నిగారూ, సగం బొబ్బట్టు పెట్టండి, మీ చేతిది తినకుండా వెళ్ళను" అనినచో ఎవరి మనస్సును నొవ్వదు. తిరుమలకు కాలినడకన వెళ్ళువారు అలిపిరి మెట్లు ఎక్కిన శ్రమకు బహుమానముగా పైన నాలుగు బజ్జీలు తినుట గురించి నేనేమియు అనను, వారికే తెలియును.

నైవేద్యములకు ద్రవ్యము సమర్పించు దాతలకు ఒక విన్నపము. నవరాత్రులలో ఒక రోజైనను, ఆలయ సంప్రదాయమునకు లోబడి, శనగల గుగ్గిళ్ళను సమర్పించుటకు సంకల్పింపుడు. శనగలలో సుమారు ఐదవ వంతు మాంసకృత్తులున్నవి, పీచు సమృద్ధి, తాళింపునకు తప్ప నూనె అక్కరలేదు, మధుమేహులును నిశ్చింతగా ఒక దొన్నెడు తీసికొనగలరు. తీపి ప్రసాదమే మ్రొక్కుబడియైనచో చిన్న దొన్నెలను కోరుడు; అదే ద్రవ్యముతో ఎక్కువమందికి అందును. ఈ సంగతిని అర్చకస్వాములతోను, కార్యాలయముతోను ముందుగానే మాటలాడుకొనవలెను. వంటశాలవారు శనగలను క్రితము రాత్రియే నానవేయవలసియుండును.