ఓడు పక్షమున నిలిచినవాడు

పాఠ్యభాగము: 2 సమూయేలు 15వ అధ్యాయము, 19 నుండి 23 వరకు



సంఘపత్రికలో బంతియాట ముచ్చట ఏలయని మీలో కొందరనుకొందురేమో. పౌలు భక్తుడు పరుగుపందెమును గూర్చి వ్రాసెను గదా. నేను ఫుట్‌బాలును గూర్చి వ్రాసిన తప్పుగాదని తలంచుచున్నాను.

మా శృంగవరపుకోట సంఘములో ఎనుబదియేండ్లు దాటిన పెద్ద ఒకరున్నారు. తండ్రికి రైల్వేలో పని యగుటచే ఆయన బాల్యము సికింద్రాబాదులో గడచెను. ఆ దినములలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు మిక్కిలి పేరుగలది. బొంబాయిలో జరుగు రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుమారులు గెలిచిరి. వారికి ఆట నేర్పిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు బడిపంతులుగా పనిచేసినవారు. బంతిని ఒక్కడే పట్టుకొని తిరుగక, వెంటనే తోటివానికి అందించుమని నేర్పెడివారు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో బంగారు పతకమును పొందెను.

బొంబాయిలో ఆట యున్ననాడు మా పెద్దకు అన్నము సయించెడిది కాదట. మరునాడు తెల్లవారకమునుపే స్టేషనుకు పోయి, పత్రికల కట్ట విప్పువానిని బతిమాలి, ఫలితమొక్కటి చదివించుకొని, గెలిచిరని వినగానే పేటంతయు లేచునట్లు కేకలు వేయుచు పరుగెత్తెడివాడట. అది చెప్పునప్పుడు ఆయన ముఖము చూడవలెను!

1963లో రహీం గారు కేన్సరుతో మరణించిరి. మంచి ఆటగాండ్రు పలువురు కలకత్తా క్లబ్బులకు వెళ్లిరి. జట్టు పూర్వవైభవము పోయెను. మా పెద్ద మాత్రము వేరొక జట్టును ఎంచుకొనలేదు.

ఇక నా సంగతి. నాకు పదేండ్లప్పుడు మా వీధి పిల్లలకు పక్క వీధివారితో ఆట జరిగెను. ఆట నేర్పినది ఈ పెద్దయే. సగము ఆటకు మావారు మూడు గోలులు వెనుకబడిరి. అవతల గోళీసోడాలు పంచుచుండగా నేను మెల్లగా అటు చేరి, వారితోకూడ చప్పట్లు కొట్టితిని. ఆయన చూచెను గాని పిలువలేదు. ఆట ముగిసిన పిమ్మట మావారికి బెల్లపుముక్కలు పంచి, ఒకటి నా చేతిలో పెట్టి, “నీ వంతురా, తీసుకో” అనెను. అది నోటిలో పెట్టుకొనలేకపోతిని.

గిత్తీయుడైన ఇత్తయి కథ చదువునప్పుడెల్ల ఆ బెల్లపుముక్క నాకు జ్ఞాపకము వచ్చును. అతడు గొల్యాతు ఊరివాడు, పరదేశి, క్రొత్తగా వచ్చినవాడు. అబ్షాలోము పక్షము నానాటికి బలపడుచుండగా దావీదు పట్టణము విడిచి పారిపోవుచుండెను. తిరిగిపొమ్మని రాజే సెలవిచ్చినను ఇత్తయి పోలేదు. దావీదు మరల సింహాసనమెక్కునని అతనికి అప్పటికి తెలియదు. అతని వారందరును, పిల్లలతో సహా, అతనితో సాగిపోయిరి. ఆ పిల్లల సంగతి నేను తరచుగా తలపోయుచుందును. గెలుపేదో ఓటమియేదో వారికేమి తెలియును? పెద్దవాని వెంట నడచిరి, అంతే.

మా పెద్దకు ఇప్పుడు చూపు ఆనదు. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆయనకు పత్రికలో ఆటల పుట చదివి వినిపించుట నా పని. ప్రతివారము ఒకటే అడుగును.

“అయ్యగారూ, మన పోలీసోళ్ల కబురేటైనా ఉందేటండి?”

“లేదండి, తాతగారూ.”

“పోనీలెండి. వచ్చే వారం చూద్దురు గాని.”