గుంపుగా జలయాత్ర: విజయపురి రేవునుండి నాగార్జునకొండకు

పడవలవారి సంఘములు సెలవుదినములందు పది పదునైదు పడవలను గూర్చుకొని యొక రేవునుండి మఱియొక రేవునకు కలిసి పయనించుట పాశ్చాత్యదేశములందు చిరకాలపు వాడుక. శనివారము బయలుదేరి, నదియొడ్డున రాత్రి నిలిచి, ఆదివారము మరలి వత్తురు. వారు నిలుచు రేవునకు మెరీనా యని పేరు. మనకు మెరీనా యనగానే మద్రాసు సముద్రతీరము జ్ఞప్తికి వచ్చును గాని, యిచ్చట దాని యర్థము వేఱు. పడవలను వరుసగా కట్టుకొనుటకు వసతి గల రేవు అని గ్రహింపవలెను. తెలుగుదేశమున తెరచాప పడవల క్రీడ హైదరాబాదులోని హుస్సేన్‌సాగరమున సాగుచున్నది. పల్నాటివారమైన మనకు ఈ పాఠము నేర్చుకొనుటకు చేరువనున్న నీరు నాగార్జునసాగరము.

మాచర్ల మండలములోని విజయపురి సౌత్ రేవునుండి నాగార్జునకొండ ద్వీపమునకు నీటిమీద సుమారు 11 కిలోమీటర్లు. లాంచీకి ముప్పాతిక గంటనుండి గంటవఱకు పట్టును. నీటిమట్టమును, వాతావరణమును, అధికారుల యనుమతిని బట్టి లాంచీలు నడచును గనుక ముందుగా విచారించి పోవలెను. ఈ ద్వీపము పూర్వము ద్వీపము కాదు, కొండ. ఆనకట్టకు 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు విడిచిరి. ఇప్పుడు నీరు నిండిన లోయయే క్రీస్తుశకము 3, 4 శతాబ్దులందు ఇక్ష్వాకు రాజులకు రాజధానియైన విజయపురి. లోయ మునుగకముందు, 1954 మొదలు 1960 వఱకు, పురాతత్త్వశాఖవారు త్రవ్వకములు జరిపి, ముఖ్యమైన కట్టడములను కొన్నింటిని కొండమీదను, అనుపువద్దను తిరిగి నిలిపిరి. అట్లు నిలిపినవానిలో రాతిమెట్ల స్నానఘట్టమొకటి. కావున లాంచీలో కూర్చున్నవాడు మునిగిన పట్టణముమీదుగా పోవుచున్నాడు. విద్యార్థులు ఈ యాత్రను కోరుట సహజమే. అయితే నీటిమీద గుంపుగా పోవుటకొక పద్ధతి కలదు. ఆ పద్ధతియే ఈ పాఠము.

గుంపుగా పోవుటయందలి లాభ మెల్లరకు తెలిసినదే. ఒక పడవకు చిల్లిపడినచో రెండవ పడవ ఆదుకొనును. కాని యీ లాభము గుంపు విడిపోనంతవఱకే. ఇది బోధపడుటకు మేము తరగతిలో నల్లబల్లమీద వేయు లెక్క నొకదానిని ఇచ్చట తెలుపుచున్నాము.

పడవల వేగమును నాట్లలో కొలుతురు. ఒక నాట్ అనగా గంటకు 1.852 కిలోమీటర్లు. మూడు తెరచాప పడవలు విజయపురి సౌత్ నుండి నాగార్జునకొండకు పోవుచున్నవని యూహింతము. మొదటి పడవ వేగము 5 నాట్లు, రెండవదానిది 4, మూడవదానిది 3. గాలి అనుకూలముగ నున్నచో మొదటి పడవ 1 గంట 11 నిమిషములలో ద్వీపమును చేరును. అప్పటికి మూడవ పడవ 6.6 కిలోమీటర్లు మాత్రమే వచ్చియుండును. అనగా 4.4 కిలోమీటర్లు వెనుకబడినదన్నమాట. నడుమ కొండ అడ్డువచ్చినచో అది కంటికి కనబడదు. అందలివారి కేక చెవికి వినబడదు. అది ద్వీపమును చేరుటకు ఇంకను సుమారు 48 నిమిషములు పట్టును. ఆ కాలమంతయు ఆ పడవవారు గుంపులోనివారని పేరేగాని, నిజమునకు ఒంటరివారే.

ఇక మరలి వచ్చుట. ఏ తెరచాప పడవయు ఎదురుగాలిలోనికి నేరుగా పోజాలదు. గాలి వచ్చు దిక్కునకు సుమారు 45 డిగ్రీలు ప్రక్కకు ఒకసారి కుడికిని, ఒకసారి ఎడమకును మరలుచు పోవలెను. చతురస్రపు కర్ణమును గూర్చి చదివినవారు ఈ దూరమును తామే కట్టగలరు. 11 కిలోమీటర్లను 1.414 చేత గుణింపగా సుమారు 15.5 కిలోమీటర్లు వచ్చును. ఈ దారిని పోవుటకు మొదటి పడవకు 1 గంట 41 నిమిషములు, మూడవ పడవకు 2 గంటల 48 నిమిషములు పట్టును.

ద్వీపముమీద మ్యూజియము చూచుటకు 2 గంటలు ఉంచుకొందము. మొదటి పడవకు రాకపోకలతో కలిపి 4 గంటల 52 నిమిషములు. మూడవదానికి 6 గంటల 47 నిమిషములు. డిసెంబరు నెలలో మనవైపు సూర్యాస్తమయము సాయంత్రము 5-40 ప్రాంతమున. ఉదయము 11 గంటలకు బయలుదేరవచ్చునా? మొదటి పడవ లెక్కన 3-52 కే ఇల్లు చేరవచ్చును గనుక భయము లేదని తోచును. మూడవ పడవ లెక్కన 5-47. అనగా ప్రొద్దు క్రుంకిన పిమ్మట, నీటిమీద. మేము ఈ ప్రశ్న అడిగినపుడెల్ల పిల్లలు మొదట వేగముగల పడవనే లెక్కింతురు. ఇది పిల్లలకే గాక పెద్దలకును గల యలవాటు. ఈ లెక్కవలన తేలిన సూత్రములు రెండు: గుంపు కాలమును మందగమనము గల పడవనుబట్టి నిర్ణయింపవలెను, పోవుటకు ముందు వచ్చుటను లెక్కింపవలెను.

ఈ నియమము మన పల్నాటివారికి క్రొత్తది కాదు. మహాశివరాత్రికి కోటప్పకొండకు ఎత్తయిన ప్రభలను కొనిపోవుట నరసరావుపేటవారెల్లరు చూచియే యుందురు. ప్రభ యెంత మెల్లగా సాగినను ఊరివారందఱును దానితోడనే సాగుదురు. మోకులు పట్టినవారిలో కొందఱు తొందరపడినచో ప్రభ యొరగును. పడవల గుంపును అట్లే. అనుభవముగల యొకరు ముందుండవలెను. అంతకన్న అనుభవముగల మఱియొకరు, త్రాడును పనిముట్లును దగ్గఱ నుంచుకొని, అందఱికంటె వెనుక నుండవలెను.

ఒక్క లాంచీలో పోవువారికి మఱికొన్ని నియమములు గలవు. రేవున ఎక్కునపుడు, ద్వీపమున దిగునపుడు, మరల ఎక్కునపుడు, తిరిగి దిగునపుడు తలలు లెక్కింపవలెను. లైఫ్ జాకెట్టు బల్లక్రింద నున్న ప్రయోజనము లేదు; ఒంటిమీద బిగించి కట్టుకొనవలెను. ద్వీపము కనబడగానే అందఱును ఒక ప్రక్కకు పోయి నిలువరాదు. మనుష్యులు నిలుచుటచేత బరువు పైకి పోవును. ఒక ప్రక్కకు చేరుటచేత పడవ ఆ ప్రక్కకే ఒరగును. ఈ రెండును కలిసినచో పెద్ద పడవయు తలక్రిందగును. ఏరు దాటుదాక ఓడమల్లయ్య, ఏరు దాటినపిదప బోడిమల్లయ్య యని మనవారి సామెత. నీటిమీద సరంగు మాటయే చెల్లవలెను. ఒడ్డు చేరిన పిదపయు అతనియెడల గౌరవము తగ్గరాదు.

ఈ మాటలు ఊరక చెప్పునవి కావు. 2017 నవంబరు 12వ తేదీ, ఆదివారము. ఒంగోలునుండి వచ్చిన నడకసంఘమువారు మొదలగువారు కృష్ణలో పడవనెక్కి, విజయవాడకు చేరువనున్న పవిత్రసంగమమునకు పోవుచుండిరి. సంగమమువద్ద పడవ తలక్రిందై ఇరువదిమందికి పైగా మరణించిరి. ఆ పడవకు అనుమతి లేదనియు, ఎక్కినవారిలో పలువురకు లైఫ్ జాకెట్లు లేవనియు ఆనాడు వార్తలు వెలువడినవి. 2019 సెప్టెంబరు 15వ తేదీయు ఆదివారమే. పాపికొండలు చూడబోయిన పడవ వఱదగోదావరిలో కచ్చులూరువద్ద మునిగి అనేకులు ప్రాణములు గోలుపోయిరి. రెండు పడవలలోను ఉన్నవారు సెలవునాడు సంతోషముగ గడుపవలెనని బయలుదేరినవారే.

కావున తల్లిదండ్రులు బిడ్డలను జలయాత్రకు పంపునపుడు నాలుగు ప్రశ్నలు తప్పక యడుగవలెనని మా మనవి. పడవకు అనుమతి కలదా? ఎందఱకు చోటు, ఎందఱెక్కుచున్నారు? ప్రతివానికిని లైఫ్ జాకెట్టు కలదా? తలలు లెక్కించువారెవరు? ఈ ప్రశ్నలకు నోటిమాటగాక పేరును, సంఖ్యయు జవాబుగా రావలెను.

విద్యార్థులకు అభ్యాసము: పై మూడు పడవలలో రెండవదానికి రాకపోకలకు పట్టు కాలమును కట్టుడు. మూడవ పడవ సూర్యాస్తమయమునకు ఒక గంట ముందుగా రేవు చేరవలెనన్నచో ఉదయ మెన్ని గంటలకు బయలుదేరవలెను? జవాబు వ్రాయునపుడు గుంపులో కడపటివానిని తలచుకొని వ్రాయుడు.